పాత ఆటలో పాతగా ఉండవలసినది ఏది?

2022లో బ్లిజార్డ్ సంస్థ, 2004లో వచ్చిన తన ఆన్‌లైన్ ఆట ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ రెండో విస్తరణ అయిన ‘రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్’ను ఆటను పాత రూపంలో నడిపే క్లాసిక్ సర్వర్లలో మళ్లీ విడుదల చేస్తూ, అందులో డంజన్ ఫైండర్ ఉండబోదని ముందే ప్రకటించింది. ఒక బటన్ నొక్కి వేచి ఉంటే ఎక్కడెక్కడి సర్వర్ల నుంచో మరో నలుగురిని తెచ్చి, జట్టు కట్టి, నేరుగా డంజన్ (చిన్న జట్టు కలిసి శత్రువులతో పోరాడే ప్రత్యేక ప్రదేశం) లోపలికి చేర్చే ఏర్పాటు అది. అసలు ఆటలో అది 2009 డిసెంబరులో, ఆ విస్తరణ చివరి దశలో, 3.3 ప్యాచ్‌తో వచ్చింది. అప్పట్లో ఉన్నదాన్ని తీసేయడమంటే ఆటను మార్చడమేనని ఒక వర్గం అభ్యంతరం చెప్పింది. ఆటలో మనుషులు ఒకరికొకరు కాకుండా పోవడం దానితోనే మొదలైంది గనుక, అది లేకపోతేనే పాత ఆట పాత ఆటలా ఉంటుందని మరో వర్గం సమర్థించింది. ఇరు వర్గాలూ సాక్ష్యంగా పిలిచింది అసలుతనాన్నే. ఏడాది తిరిగాక, 2023లో, సంస్థ తన నిర్ణయం మార్చుకుని డంజన్ ఫైండర్‌ను తిరిగి చేర్చింది.

మళ్లీ విడుదలైన ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల గురించి జరిగే వాదనలను సాధారణంగా కష్టాన్ని ఇష్టపడే పాతవాళ్లకూ సుఖాన్ని కోరే కొత్తవాళ్లకూ మధ్య తగవుగా చెబుతుంటారు. ఆ చిత్రణ సరైనది కాదు. ఆటలో ప్రతి అసౌకర్యమూ ఒకే రకమైనది కాదు. కొన్ని ఆటగాడికీ యంత్రానికీ మధ్య ఉండేవి, మరికొన్ని ఆటగాడికీ మరో ఆటగాడికీ మధ్య ఉండేవి. మొదటి రకాన్ని తొలగించినా ఆటకు పెద్దగా నష్టం లేదు. రెండో రకాన్ని తొలగించేటప్పుడు మాత్రం దానివల్ల ఏ పరిచయం, ఏ అవసరం, ఏ మాటామంతీ పోతున్నాయో చూసుకోవాలి. ఏ మార్పునైనా మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఇంతకంటే నమ్మదగిన కొలమానం కనిపించదు. అది పాత ఆటలో ఉందా లేదా అన్నది దీని తర్వాతి ప్రశ్న.

ఇలాంటి పునర్విడుదలల చరిత్ర ఇప్పటికే పొడవైనది. 1999 మార్చిలో వచ్చిన ‘ఎవర్‌క్వెస్ట్’ 2006లోనే మొదటి దశ నుంచి ఒక్కో విస్తరణనూ తిరిగి తెరుచుకుంటూ వెళ్లే సర్వర్లను ప్రారంభించింది. 2009లో అదే ఆటకు అభిమానులు ‘ప్రాజెక్ట్ 1999’ పేరుతో సొంత సర్వర్ పెట్టుకోగా, 2015లో హక్కుదారు సంస్థ దానికి లాంఛనంగా అనుమతి ఇచ్చింది. 2013 ఫిబ్రవరిలో జాజెక్స్ సంస్థ, 2007 ఆగస్టు నాటి బ్యాకప్ ఆధారంగా ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ను ప్రారంభించింది. 2016 ఏప్రిల్‌లో ‘నోస్టాల్‌రియస్’ అనే అనధికార ‘వార్‌క్రాఫ్ట్’ సర్వర్ చట్టపరమైన హెచ్చరికతో మూతపడినప్పుడు రేగిన ఆందోళన, 2019 ఆగస్టులో ‘వార్‌క్రాఫ్ట్ క్లాసిక్’ రావడానికి దారి తీసిన కారణాల్లో ఒకటి.

క్లాసిక్ రాకముందు ఆటగాళ్లలో బలంగా వినిపించిన నినాదం ‘ఏ మార్పూ వద్దు’ అన్నది. నినాదంగా అది అర్థవంతమైనదే, ఎందుకంటే ఒక చిన్న మినహాయింపుకు ఒప్పుకుంటే దాని వెనకే వంద వస్తాయన్న భయం అనుభవం నుంచి పుట్టింది. అయితే ఆచరణలో ఆ నినాదం మొదటి అడుగులోనే చిక్కుపడింది. రెండేళ్లపాటు నెలనెలా మారుతూ వచ్చిన ఆటలో ఏ రోజును అసలైన రోజుగా ఎంచుకోవాలి? బ్లిజార్డ్ 2006 నాటి 1.12 ప్యాచ్‌ను ఎంచుకుంది. అంటే ఆ రెండేళ్లలో పదునుదేరిన క్యారెక్టర్ల నైపుణ్యాలు మొదటి రోజు నుంచే ఆటగాళ్ల చేతికి వచ్చాయి, వాటితో ఎదుర్కోవలసిన రెయిడ్లు (పెద్ద జట్టు కలిసి చేసే దాడులు) మాత్రం 2004 నాటివి. పాత సమాచారాన్ని తెచ్చి కొత్త ఇంజిన్‌పై నడిపారు. తొలి వారాల్లో ఒక్కో సర్వర్‌కు వచ్చిపడిన జనాన్ని తట్టుకోవడానికి ఒకే ప్రాంతానికి అనేక ప్రతులు తయారుచేసే లేయరింగ్ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఎదురుగా నడుస్తున్న మనిషి జట్టులో చేరగానే మాయమై మరో ప్రతిలో ప్రత్యక్షం కావడం 2004లో ఎవరూ చూడని దృశ్యం.

యంత్రపు పరిమితులను కూడా అసలుతనంగా లెక్కించాలా అన్న ప్రశ్నకు స్పెల్ బ్యాచింగ్ మంచి ఉదాహరణ. పాత సర్వర్లు ఆటగాళ్ల చర్యలను వచ్చినవి వచ్చినట్టు కాకుండా, సుమారు 400 మిల్లీసెకన్లకు ఒకసారి మూటగట్టి ప్రాసెస్ చేసేవి. అందుకే ఇద్దరు మేజ్‌లు (మంత్రగాళ్లు) ఒకేసారి ఒకరినొకరు గొర్రెలుగా మార్చుకోవడం వంటి వింతలు జరిగేవి. క్లాసిక్‌లో కొత్త ఇంజిన్‌కు ఆ అవసరం లేకపోయినా, పాత అనుభూతి కోసం ఆ ఆలస్యాన్ని పనిగట్టుకుని తిరిగి సృష్టించారు. ఆడేవాళ్లకు అది జ్ఞాపకంగా కాక, నొక్కిన మీట పలకని చిరాకుగా తోచింది. 2021లో ఆ విరామాన్ని దాదాపు లేనట్టుగా కుదించారు. దానివల్ల ఏ స్నేహమూ చెడలేదు, ఏ గిల్డూ (ఆటగాళ్ల సంఘం) కూలలేదు. యంత్రానికీ మనిషికీ మధ్య ఉన్న అసౌకర్యం పోయినప్పుడు ఆట ఆటగానే మిగులుతుందని చెప్పడానికి ఇది చాలు.

యంత్రం కంటే ఎక్కువగా మారింది ఆటగాళ్లే. మోల్టెన్ కోర్ రెయిడ్ చివర ఉండే ప్రధాన శత్రువు (బాస్) రాగ్నరోస్‌ను 40 మంది కలిసి కొట్టాలి. అసలు ఆట విడుదలయ్యాక ఆ బాస్ మొదటిసారి పడిపోవడానికి 2005 ఏప్రిల్ వరకు, అంటే దాదాపు ఐదు నెలలు పట్టింది. క్లాసిక్‌లో అదే బాస్ వారం తిరగకుండానే పడిపోయింది. మెరుగైన నైపుణ్యాల పాత్ర అందులో కొంత ఉన్నా, అసలు తేడా పదిహేనేళ్ల జ్ఞానంలో ఉంది. ఏ ఆయుధం ఎంత దెబ్బ తీస్తుంది, ఏ దారిలో వెళితే లెవెళ్లు త్వరగా పెరుగుతాయి, ఏ బాస్ ఎప్పుడు ఏం చేస్తుంది అన్నవన్నీ ముందే పట్టికలుగా సిద్ధంగా ఉన్నాయి. క్వెస్టీ వంటి యాడాన్ (ఆటకు తగిలించే అదనపు ప్రోగ్రాం) పెట్టుకుంటే ఏ క్వెస్ట్‌కు (ఆటలో అప్పగించే పనికి) ఎక్కడికి వెళ్లాలో మ్యాప్ మీదే కనిపిస్తుంది. 2004లో బ్యారెన్స్ ప్రాంతంలో మాన్‌క్రిక్ భార్య జాడ వెతికే క్వెస్ట్‌కు సరైన చిరునామా లేక, ‘ఆమె ఎక్కడుంది’ అని చాట్‌లో ఎడతెగకుండా అడిగేవారు, తెలిసినవారు చెప్పేవారు. ఆ సంభాషణను నియమాలు మార్చకుండానే యాడాన్ తుడిచేసింది. కనుక నియమాలను గడ్డకట్టించినంత మాత్రాన అనుభవం గడ్డకట్టదు. ఆటగాళ్లు మారినచోట నియమాలు కదలకుండా ఉంటే, ఒక్కోసారి పాత అనుభవం మరింత దూరమవుతుంది కూడా.

అయినా పాత పద్ధతుల్లో కాపాడవలసినది ఏదీ లేదని అనుకుంటే పొరపాటు. స్టార్మ్‌విండ్ నగరంలో ఉన్న ఆటగాడు డెడ్‌మైన్స్ డంజన్‌కు వెళ్లాలనుకుంటే ఏం జరిగేదో దగ్గరగా చూడాలి. ముందు చాట్‌లో పిలుపు పెట్టాలి. దెబ్బలు కాచుకునే ట్యాంక్ ఒకరు, గాయాలు మాన్పే హీలర్ ఒకరు దొరకాలి. హీలర్ దొరికేసరికి ట్యాంక్‌కు వేరే పని తగులుతుంది. ఐదుగురూ కుదిరాక ఎల్విన్ అడవి దాటి, వెస్ట్‌ఫాల్ పొలాల మీదుగా, మూన్‌బ్రూక్ అనే పాడుబడ్డ ఊరికి కాలినడకన చేరాలి, ఎందుకంటే 40వ లెవెల్ వచ్చి తగినంత గోల్డ్ కూడబెట్టేదాకా గుర్రం ఉండదు. ఆ నడకలో ఒకరు దారి తప్పుతారు, ఒకరు తన క్వెస్ట్ సంగతి చెబుతారు, అనుభవజ్ఞుడు కొత్తవాడికి గని ద్వారం ఎక్కడుందో చూపిస్తాడు. లోపల అంతా ఒకసారి చనిపోతే జట్టు విడిచి వెళ్లడం తేలిక కాదు, ఎందుకంటే మళ్లీ జట్టు కట్టడానికి పట్టే సమయం అందరికీ తెలుసు. కాబట్టి సర్దుకుంటారు, తప్పు ఎక్కడ జరిగిందో మాట్లాడుకుంటారు, రెండోసారి ప్రయత్నిస్తారు. చివరికి ఆ హీలర్ బాగా ఆడాడని గుర్తుంటుంది, మరుసటి వారం అతన్నే పిలుస్తారు. అదే సర్వర్‌లో ఉండే మనిషి గనుక అతను మళ్లీ దొరుకుతాడు. వస్తువు కాజేసి పారిపోయినవాడు కూడా మళ్లీ దొరుకుతాడు, అతని పేరూ నలుగురి నోటా పడుతుంది.

ఈ వ్యవహారంలో ‘వినోదం’ అనదగినది చాలా తక్కువగా కనిపించవచ్చు. కానీ ఆ ఆలస్యమంతా వృథా సమయం కాదు, పరిచయాలకు పెట్టిన ధర. డంజన్ ఫైండర్ ఆ ధరను సున్నా చేసింది. దాంతో జట్టు దొరకడం తేలికైంది, మళ్లీ ఎన్నడూ కనిపించని నలుగురితో ఒక్క మాటా లేకుండా పని ముగించడం కూడా అంతే తేలికైంది. జట్టు విడిచిపోవడానికీ, ఎదుటివాడిని గెంటేయడానికీ సంకోచం పోయింది. ఇక్కడ నష్టపోయింది ఒక ఆటగాడి ఓపిక కాదు, సర్వర్ అనే ఊరు.

సౌలభ్యాలను సమర్థించేవారు తరచుగా వాడే మాట ఒకటుంది: ‘నచ్చనివాళ్లు వాడకండి, నచ్చినవాళ్లను వాడుకోనివ్వండి.’ ఒంటరిగా ఆడే ఆటలో ఈ వాదనకు జవాబు లేదు. అనేకమంది కలిసి ఉండే ఆటలో మాత్రం అది నిలవదు. డంజన్ ఫైండర్ ఉన్న సర్వర్‌లో, దాన్ని వాడనని పట్టుబట్టినవాడు నగరంలో నిలబడి ఎంత పిలిచినా ఎవరూ పలకరు, ఎందుకంటే పలకవలసినవాళ్లంతా ఆ ఫైండర్ వరుసలో ఉన్నారు. అతనికి పాత పద్ధతి అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తుందే గాని, ఆ పద్ధతికి కావలసిన మనుషులు అందుబాటులో లేరు. పైగా, సౌలభ్యాన్ని వాడుకున్నవాడు గంటలో సంపాదించేది, వాడనివాడికి ఒక సాయంత్రమంతా పడితే, రెయిడ్‌కు జట్టు ఎంచుకునే నాయకుడు ఎవరిని తీసుకుంటాడో చెప్పనక్కరలేదు. కనుక ఇది వ్యక్తిగత ఎంపిక కాదు, అందరి తరఫునా కొందరు చేసే ఎంపిక.

వ్యక్తిగతంగా వదిలేయగల సందర్భాలు కొన్ని లేకపోలేదు. ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ 2014లో తెచ్చిన ఐరన్‌మ్యాన్ విధానంలో ఆటగాడు ఇతరులతో వ్యాపారం చేయకూడదు, కావలసిన ప్రతి వస్తువునూ తానే సంపాదించుకోవాలి. ఆ కష్టం అతనికే పరిమితం కాబట్టి, దాన్ని కోరుకున్నవాడికి ఇవ్వడం వల్ల పక్కవాడికి ఇబ్బంది లేదు. ‘వార్‌క్రాఫ్ట్’లో ఒక్కసారి చనిపోతే క్యారెక్టర్ శాశ్వతంగా పోయే హార్డ్‌కోర్ పద్ధతి కూడా ముందు ఆటగాళ్లు తమకు తాము పెట్టుకున్న నియమమే. దాని ఆదరణ చూసి 2023 ఆగస్టులో సంస్థ అధికారిక సర్వర్లు తెరిచింది. ఆటగాళ్లు అవకాశం ఇస్తే ఎప్పుడూ తేలిక దారినే పడతారన్న నమ్మకానికి ఈ రెండూ ఎదురు సాక్ష్యాలు.

మార్పు మంచిదైన సందర్భాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడాలి. క్లాసిక్‌లో ఒనిక్సియా అనే డ్రాగన్ తలను నగరంలో వేలాడదీస్తే, దగ్గరలో ఉన్నవారందరికీ రెండు గంటలపాటు అదనపు బలం వచ్చేది. ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి, వాటిని వరల్డ్ బఫ్‌లు అంటారు. మొదటి కాలంలో వాటిని దొరికితే సంతోషించే బహుమతిగా చూసేవారు. 2019 తర్వాతి ఆటగాళ్లు వాటిని లెక్కగట్టి, రెయిడ్‌కు తప్పనిసరి సరంజామాగా మార్చారు. ఆటలోంచి బయటికి వెళితే ఆ గడియారం ఆగిపోతుంది. కాబట్టి బఫ్ అందుకున్న వెంటనే లాగౌట్ అయి, వారానికి ఒకసారి జరిగే రెయిడ్ రాత్రి వరకు ఆ క్యారెక్టర్‌ను ముట్టుకోకుండా ఉంచడం అలవాటైంది. నియమం ఒక్క అక్షరమూ మారలేదు, కానీ ఆడకుండా ఉండటమే బాగా ఆడటమైంది. 2021లో వచ్చిన క్రోనోబూన్ అనే వస్తువు ఆ బఫ్‌లను దాచుకుని, కావలసినప్పుడు తీసుకునే వీలు కల్పించింది. కాగితం మీద ఇది అసలు ఆటలో లేని వస్తువు, కచ్చితమైన సౌలభ్యం. ఫలితంలో మాత్రం మనుషులను తిరిగి లోకంలోకి తెచ్చింది. అదే ఏడాది నవంబరులో మొదలైన ‘సీజన్ ఆఫ్ మాస్టరీ’ మరో అడుగు వేసి, రెయిడ్ల లోపల ఆ బఫ్‌లు పనిచేయకుండా చేసింది. రెంటిలో ఈ రెండోదే నిజాయితీ గల పరిష్కారమని చెప్పాలి, ఎందుకంటే అది జబ్బుకు మందు వేసింది, క్రోనోబూన్ నొప్పిని తగ్గించింది.

పొరపాటున ఒకరికి వెళ్లిన వస్తువును అదే జట్టులోని మరొకరికి రెండు గంటలలోపు ఇచ్చుకునే వీలు కూడా 2019లో పెద్ద వివాదమైంది. అసలు ఆటలో అలాంటప్పుడు సహాయక సిబ్బందికి ఫిర్యాదు పెట్టి ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపులో కాపాడవలసిన విలువ ఏదీ కనిపించదు.

ఇంతకంటే చిక్కైనది డ్యూయల్ స్పెక్. 2004 నాటి పద్ధతిలో ఒక వారియర్ ట్యాంక్ పాత్ర నుంచి దాడి చేసే పాత్రకు మారాలంటే నగరానికి వెళ్లి, ప్రతిసారీ పెరుగుతూ 50 గోల్డ్ దాకా చేరే రుసుము చెల్లించాలి. అందువల్ల ఎవరు ఏమిటన్నది స్థిరంగా ఉండేది, మంచి ట్యాంక్‌కు గౌరవం ఉండేది. డ్యూయల్ స్పెక్ ఇస్తే రెండు పాత్రలు సిద్ధంగా ఉంచుకుని మార్చుకోవచ్చు. ఆ స్థిరత్వం కొంత పోతుంది, కానీ హీలర్ల, ట్యాంక్‌ల కొరత తగ్గి జట్లు ఎక్కువగా కుదురుతాయి. మనుషులను దూరం చేసే సౌలభ్యం కాదు, దగ్గర చేసే సౌలభ్యం అది. ఇరవయ్యో వార్షికోత్సవం సందర్భంగా 2024 నవంబరులో తెరిచిన క్లాసిక్ సర్వర్లకు దాన్ని ఇచ్చి, జట్టును దానంతట అదే కట్టి డంజన్‌లో దించే సాధనాన్ని ఇవ్వకపోవడం సరైన చోట గీసిన గీత.

డబ్బుతో కొనే సౌలభ్యాల విషయంలో సుదీర్ఘ చర్చ అవసరం లేదు. 2021లో ‘బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్’తో పాటు, డబ్బు చెల్లిస్తే ఒక క్యారెక్టర్‌ను నేరుగా 58వ లెవెల్‌కు చేర్చే బూస్ట్ అమ్మారు. 2023లో అసలు డబ్బుతో కొని ఆటలో గోల్డ్‌కు అమ్ముకునే టోకెన్‌ను ‘రాత్’ క్లాసిక్‌లోకి తెచ్చారు. ఇవి ఆట నడకను సరిదిద్దే మార్పులు కావు. ఆటను దాటవేయడానికి టికెట్లు. వీటిని మిగతా సౌలభ్యాలతో ఒకే గాటన కట్టడం వల్లే నిజంగా మేలు చేసే చిన్న మార్పులను కూడా ఆటగాళ్లు అనుమానంతో చూస్తున్నారు.

అసలుతనాన్ని అన్నిటికంటే కఠినంగా పట్టుకున్నచోట కూడా కొత్తదనం తప్పలేదు. 2019లో ‘ప్రాజెక్ట్ 1999’ ప్రారంభించిన గ్రీన్ సర్వర్ 1999 నాటి కాలక్రమాన్నే అనుసరించింది. కొంతకాలమే దొరికి తర్వాత ఆగిపోయిన మనాస్టోన్ వంటి వస్తువులు అక్కడా కొంతకాలమే దొరికాయి. అది ఆగిపోతుందని ఈసారి అందరికీ ముందే తెలుసు. అందరూ ఒకేచోట ఎగబడ్డారు. గొడవలు ఆపడానికి నిర్వాహకులు వరుస క్రమం నమోదు చేసే ఒక కమాండ్‌ను ప్రవేశపెట్టవలసి వచ్చింది. అలాంటిది 1999లో లేదు. పాత నియమాన్ని నిలబెట్టడానికే కొత్త నియమం పుట్టింది.

ఇక ఈ గీతలు ఎవరు గీయాలన్నది మిగిలిన ప్రశ్న. ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ దీన్ని ఓటుకు పెట్టింది. కొత్తగా ఏది చేర్చాలన్నా 75 శాతం ఆటగాళ్లు ఒప్పుకోవాలన్నది తొలి నిబంధన, తర్వాత దాన్ని 70కి తగ్గించారు. 2015లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే కేంద్రీకృత సంత ఆ విధంగానే తిరిగి వచ్చింది. అది లేని రోజుల్లో బ్యాంకుల ముందు నిలబడి సరుకు పేరు టైప్ చేస్తూ, బేరమాడి కొనేవారు. పైకి చూస్తే ఇది కూడా మనుషుల మధ్య ఉన్న అసౌకర్యమే, కాపాడవలసినదే. కానీ అప్పటికే బేరాలు చాలావరకు ఆట బయటి వెబ్‌సైట్లకు వెళ్లిపోయాయి. ఆటలో మిగిలింది ముందే కుదిరిన లావాదేవీని ముగించడం ఒక్కటే. పోయిన మాటామంతీని సంతను ఆపి వెనక్కి తేలేరు కాబట్టి, దాన్ని అనుమతించడంలో ఓటర్ల విచక్షణ కనిపిస్తుంది.

బొటాబొటీ మెజారిటీ చాలదనడంలో ఔచిత్యం ఉంది. ఒకసారి ఇచ్చిన సౌలభ్యాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం, ఇవ్వనిదాన్ని ఎప్పుడైనా ఇవ్వవచ్చు. సమానం కాని ఈ రెండు తప్పుల్లో పెద్దదానికి అడ్డు పడేలా గడపను ఎత్తుగా కట్టడం సమంజసమే. అయితే ఓటు పద్ధతికి ఒక లోపం ఉంది. ఉన్న ఆట నచ్చి ఉండిపోయినవారే ఓటేస్తారు, విసిగి వెళ్లిపోయినవారి మాట లెక్కలోకి రాదు. వార్డింగ్ అనే కొత్త నైపుణ్యం 2019లో తగినంత ఓటు రాక ఆగిపోయింది. సెయిలింగ్ 2023లో నెగ్గి 2025 నవంబరులో ఆటలోకి వచ్చింది. ఆ నాలుగేళ్లలో ఓటర్లలో 2007 నాటి ఆటను అసలు చూడనివారు మరింతమంది చేరారు. వారికి ఇది తిరిగి వచ్చిన ఆట కాదు, మొదటిసారి ఆడుతున్న ఆట. అప్పట్లో అలా ఉండేదన్న జవాబు వారి ముందు పనిచేయదు. ఒక అసౌకర్యాన్ని నిలబెట్టాలనుకునేవారు అది తమకూ ఎదుటి ఆటగాడికీ మధ్య ఏం చేస్తుందో వివరించి ఒప్పించుకోవలసిందే.